అప్‌డేట్: మెడికల్ రెప్‌గా చేరాను

బీఫార్మసీ అయ్యాక మందుల ప్లాంట్‌లో క్యూసీకి (నాణ్యత పరీక్షల విభాగం) వెళ్లాలా, మెడికల్ రెప్‌గా వెళ్లాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. రెప్‌గానే చేరాను, గుంటూరు హెడ్‌క్వార్టర్‌లో (అంటే నేను ఉండి పనిచేసే ఊరు). నాలుగు నెలలైంది.

డాక్టర్లకు మందు గురించి చెప్పడం కష్టం కాదు. కొత్తపేట క్లినిక్‌ల బయట బ్యాగుతో గంటలకొద్దీ నిలబడటమే కష్టం. లోపల దొరికేది రెండు నిమిషాలు, అందులో డాక్టరుగారికి ఫోనొస్తే అంతే. నెలాఖరుకు స్టాకిస్టు (షాపులకు మందులు సరఫరా చేసే హోల్‌సేలరు) చేత సరుకు కొనిపించమని మేనేజర్ ఒత్తిడి. అది షాపుల్లో కదలకపోతే ఎక్స్‌పైరీ రిటర్న్‌లు (గడువు తీరి వెనక్కొచ్చే సరుకు) మన నెత్తికే. ఇంటర్వ్యూలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు!

కానుకలివ్వాలేమోనని భయపడ్డాను. 2024 మార్చిలో వచ్చిన యూసీపీఎంపీ కోడ్ (మందుల కంపెనీల మార్కెటింగ్‌కు కేంద్రం పెట్టిన నియమావళి) డాక్టర్లకు బహుమతులు, విహారయాత్రలు కూడదంది. నన్నింతవరకు ఎవరూ అడగలేదు.

జీతం సంగతి సరే, టీఏ, డీఏ (ప్రయాణ, రోజువారీ ఖర్చుల డబ్బులు) ఎప్పుడు పడతాయో ముందే కనుక్కో తమ్ముడూ అని అప్పుడు సలహా ఇచ్చిన అన్నకు దండం. మొదటి నెల పెట్రోలు డబ్బులు నలభై రోజులకు వచ్చాయి.