చెక్‌లిస్ట్‌పై ముందే సంతకం: మత్తు డాక్టర్లు తెలియక చేస్తున్నారా, తెలిసే చేస్తున్నారా? (మారుపేర్లతో సాగిన చర్చ)

పీజీ ద్వితీయం: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్ట్‌లో 19 అంశాలున్నాయి. మత్తు ఇవ్వకముందు, కోత పెట్టకముందు, రోగిని థియేటర్ నుంచి బయటికి పంపకముందు ఆగి, అందరికీ వినబడేలా చదివి సరిచూసుకోవాలి. నేను చూసిన ఒక నర్సింగ్ హోమ్‌లో రోగి ఇంకా వార్డులో ఉండగానే మూడు భాగాల్లోనూ టిక్కులు పడిపోయాయి, మత్తు డాక్టరు సంతకంతో సహా. దీన్ని అవగాహన లోపం అనాలా, లెక్కలేనితనం అనాలా?

బాయిల్స్ యంత్రం: ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడిగా అంటున్నాను, ఇది అవగాహన లోపమే. మానిటర్‌లో ఆక్సిజన్ 100 చూపిస్తుంటే అంతా బాగున్నట్టేనని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. గొట్టం శ్వాసనాళంలోకి కాక అన్నవాహికలోకి వెళితే ఆ అంకె పడిపోవడానికి నిమిషాలు పట్టవచ్చు, ఊపిరిలో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రాఫ్ అయితే నాలుగైదు శ్వాసల్లోనే చెప్పేస్తుంది. చెక్‌లిస్ట్ సంగతీ అంతే. ఢిల్లీతో కలిపి ఎనిమిది నగరాల్లో జరిపి 2009లో వెలువరించిన అధ్యయనంలో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. ఈ విషయం తెలిసినవారెవరూ ముందే సంతకం పెట్టరు.

నాలుగు థియేటర్లు: సార్, మీరు చదివినదే మేమూ చదివాం. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో ఇదే చెక్‌లిస్ట్‌ను అమలు చేశాక మరణాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదని 2014లో మరో అధ్యయనం వచ్చింది. కాగితం నింపినంత మాత్రాన ఎవరి ప్రాణమూ నిలవదు.

బాయిల్స్ యంత్రం: ఒంటారియోను పక్కన పెట్టండి. జరగని తనిఖీ జరిగినట్టు సంతకం పెట్టడం అబద్ధమా, కాదా?

ఓటీ సిస్టర్: మా దగ్గర ఆ టిక్కులు పెట్టేది నేనే. ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు.

గోదారి గట్టు: మా అమ్మ ఆపరేషన్ రోజున మత్తు డాక్టరు గారిని మొదటిసారి చూసింది బల్ల మీద పడుకున్నాకే. ఆమెకు ముందు పన్ను ఒకటి ఊగుతుండేది. ఆపరేషన్ అయ్యాక చూస్తే అది లేదు. ఊపిరితిత్తుల్లోకి జారిందేమోనని ఛాతీ ఎక్స్‌రే తీశారు, గంటసేపు మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చివరికి తలకింది గుడ్డ మడతలో దొరికింది. కేస్‌షీటులో మాత్రం పళ్లు గట్టిగా ఉన్నాయని రాసి ఉంది. నోరు తెరిచి చూడకుండా అది ఎలా రాశారో నాకెవరూ చెప్పలేదు.

నాలుగు థియేటర్లు: మీ అమ్మగారి విషయంలో జరిగింది తప్పే, సమర్థించను. అయితే మాలాంటి, పిలిస్తే వెళ్లే మత్తు డాక్టర్లకు సర్జన్ ఫోన్ చేస్తేనే పని. ముందురోజు వెళ్లి రోగిని చూసి వస్తే పెట్రోలు ఖర్చయినా ఇచ్చేవారు లేరు. హిమోగ్లోబిన్ 7 ఉంది, రక్తం బాగా తక్కువ, తొందర లేని కేసే కనుక వాయిదా వేద్దామని ఒక చోట అన్నాను. వేరే డాక్టరును పిలిపించి ఆ రోజే కానిచ్చేశారు. ఆ తర్వాత ఆ నర్సింగ్ హోమ్ నుంచి నాకు ఒక్క ఫోనూ రాలేదు.

బాయిల్స్ యంత్రం: రాకపోతే పోనివ్వాలి. కేసు ఆపగలిగిన మనిషి థియేటర్‌లో మనమే.

నాలుగు థియేటర్లు: ఒకటో తారీఖున జీతం పడేవారు అలా అనగలరు! నాకు తెలియక కాదని రుజువు కావాలంటే వినండి. నిరుడు ఒక సిజేరియన్‌లో వెన్నులో ఇచ్చే మత్తుమందు బుపివకైన్ పక్కనే, రక్తస్రావం తగ్గడానికి నరంలోకి ఇచ్చే ట్రానెక్సమిక్ యాసిడ్ ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు బుడ్డి) ఉంది. రెండూ నీళ్లలా ఉండే మందులే. సిరంజిలోకి లాగిన తర్వాత, అలవాటు కొద్దీ విరిచిన ఆంప్యూల్‌ను తిప్పి మళ్లీ చదివితే అది ట్రానెక్సమిక్ అని తేలింది. వెన్నులోకి వెళ్లి ఉంటే ఆ తల్లికి మూర్ఛలొచ్చి ప్రాణం మీదికి వచ్చేది. ఆ సంగతి నేను ఎక్కడా రాయలేదు. రాసిన కాగితమే రేపు నా మీద సాక్ష్యమవుతుంది. ఘోరమైన నిర్లక్ష్యం ఉంటేనే డాక్టరుపై క్రిమినల్ కేసు నిలుస్తుందని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే, కానీ అద్దాలు పగలగొట్టడానికి వచ్చేవారు తీర్పు చదివి రారు.

గోదారి గట్టు: మేం అద్దాలు పగలగొట్టలేదండీ. ఒక పన్ను గురించి అడిగాం, అంతే.

పీజీ ద్వితీయం: అంటే మనం ఇంతసేపూ చెక్‌లిస్ట్ గురించి మాట్లాడుకోలేదన్నమాట. త్రుటిలో తప్పిన పొరపాటును పేరు పోకుండా, పని పోకుండా చెప్పుకునే చోటు లేదన్నదే కదా మీ బాధ?

బాయిల్స్ యంత్రం: పెద్ద ఆసుపత్రుల్లో పేరు లేకుండా రాసే రిజిస్టర్లు ఉన్నాయి, వాటిలో రాసేవారే తక్కువ. అది సరే, ఆ ట్రే సర్దిన సిస్టర్‌కైనా చెప్పారా?

నాలుగు థియేటర్లు: చెప్పలేదు. యాజమాన్యానికి తెలిస్తే ముందు పోయేది ఆ అమ్మాయి ఉద్యోగమే.

ఓటీ సిస్టర్: అయితే సార్, ఆ అమ్మాయి ఇవాళ కూడా ఆ రెండు ఆంప్యూళ్లనూ పక్కపక్కనే పెట్టి ఉంటుంది.

బాయిల్స్ యంత్రం: సంతకం గురించి నేనడిగిన దానికి మాత్రం ఇంకా జవాబు రాలేదు.