ఐదు మీటర్ల దూరంలో ఏఎఫ్ అసిస్ట్ లైట్ సరిపోవట్లేదు

ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ, 24-70 ఎఫ్/2.8 లెన్స్. రాత్రి అప్పగింతలప్పుడు మండపం బయట 1/125, ఐఎస్ఓ 6400 మీద తీస్తున్నాను. చీకట్లో ఆటోఫోకస్ (ఏఎఫ్)కు సాయంగా బాడీ మీదున్న నారింజ రంగు అసిస్ట్ లైట్‌తో రెండు మూడు మీటర్ల వరకు ఇబ్బంది లేదు. ఐదు మీటర్లకు వెళ్తే ఫోకస్ దొరక్క లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంటుంది. నల్ల సూటు మీద మరీ కష్టం. పట్టుచీర జరీ అంచు మీద పాయింట్ పెడితే మాత్రం ఠక్కున పట్టుకుంటుంది.

లైటుకు అడ్డం రాకుండా లెన్స్ హుడ్ తీసేశాను. ఆగకుండా ఫోకస్ చేసే ఏఎఫ్-సీలో ఆ లైటు అసలు వెలగదు కాబట్టి ఒకసారి పట్టి ఆగే ఏఎఫ్-ఎస్‌లో, మధ్య పాయింట్‌తోనే తీస్తున్నాను. సెన్సర్ మీది ఫేజ్ డిటెక్షన్ (ఫోకస్ కొలిచే పద్ధతి) నిలువు గీతలనే బాగా గుర్తిస్తుందని కెమెరా కాస్త వంచి చూశాను, కొంచెం మెరుగైంది, అంతే. పాత ఫ్లాష్‌లోని ఎర్ర గళ్ళ కిరణం డీఎస్ఎల్ఆర్ మీద వస్తుంది, ఈ బాడీ మీద రాదు. చిన్న ఎల్ఈడీ పెడితే ఫోకస్ కుదురుతుంది కానీ నేరుగా కళ్ళల్లోకి కొడుతుంది. ఏడుస్తున్నవాళ్ళ మొహాల మీద అంత వెలుగు వేయడం నాకు ఇష్టం లేదు.

మిర్రర్‌లెస్ మీద కూడా గళ్ళ కిరణం వేసే ట్రిగర్ (కెమెరా మీద పెట్టి ఫ్లాష్‌ను వెలిగించేది) వాడుతున్నవాళ్ళు చెప్పండి: ఐదు మీటర్ల దూరంలో నల్ల బట్టల మీద ఫోకస్ లాక్ అవుతోందా?