గాలి రోజున కొండల చుట్టూ రికంబెంట్: ఎటు నుంచి మొదలెడితే మేలు?

తోకలేని గాలిపటం:
నిన్న కొండల వరుస చుట్టూ పూర్తి రౌండు వేశాను. 112 కిలోమీటర్లు, రెండు చక్రాల పొట్టి రికంబెంట్ మీద, అంటే వెనక్కి ఆనుకుని కాళ్లు ముందుకి చాపి తొక్కే సైకిల్ మీద. బయల్దేరినప్పుడు వెనకగాలి. మొదటి 40 కిలోమీటర్లు ఇట్టే అయిపోయాయి, నా కాళ్లలో ఇంత సత్తా ఉందా అని మురిసిపోయాను కూడా. కొండ కొస తిరిగాక తెలిసింది ఆ సత్తా ఎవరిదో.

ఎదురుగాలి సంగతి సరే, నన్ను హడలగొట్టింది పక్కగాలి. కొండ చాటున ఉన్నంతసేపూ ఆకు కదల్లేదు. రెండు కొండల మధ్య సందు రాగానే ఎవరో భుజం పట్టి తోసినట్టయింది. ఒకసారైతే మీటరు దూరం పక్కకి జరిగిపోయాను. మామూలు సైకిలైతే నడుము వంచి సర్దుకుంటాం. వెల్లకిలా ఆనుకుని కూర్చున్నవాడు ఏం వంచుతాడు? మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

పాత చైన్:
అది మీ భ్రమ కాదు. విశాలంగా వచ్చే గాలి ఇరుకులో దూరాల్సి వస్తే వేగం పెరుగుతుంది. సందు కనబడగానే నేను వేగం తగ్గిస్తాను, గాలి నన్ను ఎటు తోస్తుందో అటువైపు కాస్త చోటు ఉంచుకుంటాను. హ్యాండిల్ బిగబట్టకండి. భుజాలు బిగిస్తే మీ ఉలికిపాటంతా ముందు చక్రానికి పాకుతుంది. ముందు ఫెయిరింగ్ (ఎదురుగాలిని చీల్చే తొడుగు) ఉంటే అలాంటి రోజున విప్పేయండి, అది తెరచాపే.

మూడు చక్రాలు:
ట్రైక్ కొనేయండి, అదే మూడు చక్రాల రికంబెంట్, గొడవ వదుల్తుంది.

పాత చైన్:
వదుల్తుంది, కనుమ ఎక్కేసరికి పొద్దు కూడా గూకుతుంది.

మూడు చక్రాలు:
గూకనీయండి. గంటకి 5 కిలోమీటర్లకి పడిపోయినా నేను తూలను. మీరు ఏటవాలులో ఆగితే మళ్లీ కదలడమే ఒక యజ్ఞం. అయితే ట్రైక్ వాళ్లకి ఒక మాట: పాదాలు పెడళ్లకి క్లిప్ అయి ఉండాలి. పాదం జారి నేలకి తగిలితే బండి మన కాలి మీదికే వస్తుంది. నా మడమ వారం రోజులు వాచిపోయింది.

కొత్తగా పడుకున్నవాణ్ణి:
ఎత్తు ఎక్కిన మర్నాడు మోకాళ్లు పీకేస్తున్నాయి. సీటు తప్పా?

పాత చైన్:
సీటు దూరం కూడా చూడండి గానీ, నా అనుమానం గేర్ మీదే. మనం లేచి నిలబడి తొక్కలేం. వీపుకి ఆనుడు ఉంది కదా అని పెద్ద గేర్‌లో తంతాం, మోకాలు ఆ లెక్క తర్వాత తీర్చుకుంటుంది. చిన్న గేర్‌లో గిరగిరా తిప్పండి, ఎంత నెమ్మదైనా పర్లేదు.

కనుమదారి:
అసలు ప్రశ్నకి వస్తాను. రౌండు కాబట్టి గాలి పోయిందీ వచ్చిందీ చెల్లుకి చెల్లు అనుకుంటారు. కాదు. 60 కిలోమీటర్ల రౌండు అనుకోండి: 30 కిలోమీటర్లు ఎదురుగాలిలో గంటకి 15 చొప్పున 2 గంటలు. మిగతా 30 వెనకగాలితో గంటకి 30 చొప్పున 1 గంట. సగటు 20, ఇరవై రెండున్నర కాదు. ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ.

అందుకని నా పద్ధతి: చదును రోడ్డు ఎదురుగాలికి, ఎక్కుడు వెనకగాలికి. చదునులో మనం కిందికి ఉంటాం, గాలికి తక్కువ దొరుకుతాం. 1933లో ఫ్రెంచి సైక్లిస్టు ఫ్రాన్సిస్ ఫోర్ ఇలాంటి బండి మీదే గంటలో 45.055 కిలోమీటర్లు వెళ్లాడు. మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఈ రకాన్ని పోటీల నుంచి తప్పించేసింది. అదే బండి ఎత్తు మీద గాడిద బరువు! అక్కడ ఎవరైనా వెనక నుంచి తోస్తేనే నయం.

తోకలేని గాలిపటం:
అంటే నేను సరిగ్గా తిరగేసి తొక్కానన్నమాట. ఎక్కుళ్లన్నీ ఎదురుగాలిలోనే పడ్డాయి. ఇంకో సంగతి, కొండకి అవతలి పక్క గాలి ఉండదనుకున్నాను. అక్కడ పైనుంచి దొర్లుకుంటూ దిగింది, ఏ దిక్కు నుంచి కొడుతుందో తెలీలేదు.

కనుమదారి:
శిఖరం దాటిన గాలి సుడులు తిరుగుతుంది. చాటు కావాలంటే గాలి వేగం తక్కువున్న వేళ పట్టుకోవాలి. మామూలుగా తెల్లవారుజామున నెమ్మదిగా ఉంటుంది, ఎండెక్కి నేల వేడెక్కాక లేస్తుంది. సందులు ఎండ ముదరకముందే దాటేయండి.

మూడు చక్రాలు:
దిగుడులో బ్రేకులు మర్చిపోకండి. గాలి మనల్ని ఆపదు కాబట్టి ఆ పనంతా వాటి మీదే పడుతుంది.

తోకలేని గాలిపటం:
ఆదివారం తిరగేసి వెళ్తాను. నాలుగింటికి అలారం పెట్టాను, లేస్తే చెప్తాను.