స్కూల్ కమ్యూనిటీ హబ్‌తో కలిసి కథల శనివారం: ఎవరేం చేయాలి

సమన్వయం:
అందరికీ నమస్కారం. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో మన తెలుగు సంఘం తరఫున, టర్మ్ 3లో (బడి ఏడాదిలో మూడో విడత) ప్రైమరీ స్కూల్ హాల్లో కథల శనివారం, అంటే కథలు చెప్పే కార్యక్రమం, అనుకున్నాం కదా. హాలు అద్దెకు తీసుకుని తాళం తిరిగిచ్చేయడం వేరు, ఆ స్కూల్లోని హబ్‌తో కలిసి చేయడం వేరు. కాబట్టి ముందు హబ్ లీడర్‌తో, అంటే హబ్ నడిపే ఉద్యోగితో, మాట్లాడాలి. స్కూల్లోనే కుటుంబాలు కలుసుకునే ఈ హబ్‌లు ముఖ్యంగా వలస వచ్చిన కుటుంబాల కోసం, ఇంకా బడికి రాని పసిపిల్లలున్న తల్లుల కోసం. ప్లేగ్రూప్ (తల్లులు పసిపిల్లలను తెచ్చి ఆడించే చోటు), ఇంగ్లీషు తరగతులు ఎక్కువగా స్కూల్ వేళల్లోనే. చాలాచోట్ల హబ్ లీడర్‌ది పార్ట్ టైమ్ ఉద్యోగం. మనవాళ్లు నలుగురు నాలుగు మెసేజ్‌లు పెడితే ఒక్కదానికీ జవాబు రాదు. మాట్లాడేది ఒక్కరే, ఈమెయిల్ కాపీలో ఇంకొకరు. టర్మ్ మొదటి వారం, చివరి వారం అసలు కదిలించొద్దు.

హాలు, సామాను:
హబ్ లీడర్ సరేనన్నంత మాత్రాన హాలు మనదైపోదు అన్నా. విక్టోరియా ప్రభుత్వ స్కూళ్లలో అద్దె ఒప్పందం స్కూల్ కౌన్సిల్‌తో (బడి పాలక మండలి). అందుకే టర్మ్ 2 మొదట్లోనే ఒక్క పేజీ ఇచ్చేద్దాం: తేదీ, పెద్దలెందరు, పిల్లలెందరు, మైకులు, తాళం ఎవరి చేతికి. వేళ రాసేటప్పుడు సామాను దించడం నుంచి తాళం వేసేదాకా రాయండి. 2 గంటల కార్యక్రమానికి ముందు 2 గంటలు, తర్వాత గంటన్నర పడుతుంది. పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (మన కార్యక్రమం వల్ల ఇతరులకు గాయమో నష్టమో జరిగితే పనికొచ్చే బీమా) సర్టిఫికెట్ జత చేయాలి. దాని మీద సంఘం పేరు, ఒప్పందంలో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి, గడువు కార్యక్రమం తేదీ దాటాలి. దరఖాస్తు వెనక్కొచ్చేది ఎక్కువగా ఈ రెండింటి దగ్గరే.

ఒక వాలంటీర్:
అక్కా, మా బాబు ఆ కార్యక్రమంలోనే ఉంటాడు. నాకూ వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లలతో పనిచేసేవాళ్ల నేపథ్య తనిఖీ) కావాలా?

పిల్లల భద్రత:
సొంత పిల్లలు పాల్గొనే చోట తల్లిదండ్రులకు చట్టంలో మినహాయింపు ఉందమ్మా. అయినా స్కూల్ తన పాలసీ ప్రకారం అడగొచ్చు, అందుకే అందరం తీసుకుందాం. వాలంటీర్లకు ఉచితం, 5 ఏళ్లు చెల్లుతుంది. ఉద్యోగం కోసం తీసుకున్న కార్డు దీనికీ సరిపోతుంది. వాలంటీర్ కార్డుతో మాత్రం జీతం పని చేయకూడదు. కార్డు ఉన్నవాళ్లు ఆ చెక్ తాలూకు తమ ఖాతాలో మన సంఘం పేరు చేర్చండి, చాలామంది మరిచిపోయేది ఇదే. కొత్తగా దరఖాస్తు పెట్టేవాళ్లు ఇప్పుడే పెట్టండి, కొన్నిసార్లు వారాలు పడుతుంది.
2022 జూలై 1 నుంచి విక్టోరియాలో 11 చైల్డ్ సేఫ్ స్టాండర్డ్స్ (పిల్లల భద్రతా ప్రమాణాలు) అమల్లో ఉన్నాయి. మన వరకు తేలిక మాటలో: మూసిన గదిలో ఒక్క పెద్ద, ఒక్క బిడ్డ ఉండకూడదు. టాయిలెట్‌కు తీసుకెళ్లేది కన్నవాళ్లే. ఫొటోలకు రాతపూర్వక అనుమతి కావాలి. హబ్‌కు వచ్చే కొందరు తల్లులు తమ భద్రత కోసమే ఫొటో వద్దంటారు. కారణం అడగకండి, ఫొటోలు తీయని ఒక వరస కుర్చీలు వేయండి.

సమన్వయం:
అసలు చిక్కు ఇక్కడుంది. మన వాలంటీర్లు శనివారాలే ఖాళీ, హబ్ తల్లులు వారం మధ్యలో వస్తారు. కార్యక్రమానికి ముందు 3 వారాలు, వారానికోసారి ప్లేగ్రూప్‌లో ఇద్దరు వెళ్లి 15 నిమిషాలు కథ చెప్పాలి: తెలుగులో ఒక వాక్యం, వెంటనే ఇంగ్లీషులో. షిఫ్టు పనులవాళ్లు ముందుకు రండి. ముఖాలు తెలియని చోటికి, ఎంత అందమైన కరపత్రం ఇచ్చినా, శనివారం ఎవరూ రారు. వేదిక మీద కూడా కనీసం 2 కథలు వేరే భాషల తల్లులు చెప్పాలి. లేకపోతే అది మన ఇంటి పండగే అవుతుంది.

హాలు, సామాను:
పొగ వచ్చేవేవీ వద్దు. అలారం మోగితే ఫైర్ బ్రిగేడ్ రావచ్చు, ఆ బిల్లు మనకు పడొచ్చు. దీపప్రజ్వలనకు బ్యాటరీ దీపాలు చాలు. నేల మీద మాస్కింగ్ టేపే వాడాలి, గట్టి టేపు పీకితే పాలిష్ లేచిపోతుంది. వెళ్లగానే హాలు ఫొటో తీసుకోండి, కుర్చీలు అలాగే సర్దాలి.

సమన్వయం:
వారంలోపు హబ్ లీడర్‌కు లెక్క పంపాలి: ఎన్ని కుటుంబాలు, ఏయే భాషలు. పేర్లు వద్దు, అంకెలు చాలు. హబ్ లీడర్ తన పైవాళ్లకు పంపే రిపోర్టులో అవి పనికొస్తాయి. ప్లేగ్రూప్ రోస్టర్‌లో రెండో వారం ఇంకా ఖాళీగానే ఉంది, ఎవరు వెళ్తారో ఆదివారంలోగా రాయండి.