"మీరడిగింది సమాచారం కిందికి రాదు" అని జవాబొస్తే ఏం చేయాలి?

పల్లెబాట:
మా ఊరి సీసీ రోడ్డు సగంలో ఆగిపోయింది. మండల కార్యాలయంలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి మూడు ప్రశ్నలు అడిగాను: పని ఎందుకు ఆగింది, బాధ్యులెవరు, ఎప్పటికి పూర్తవుతుంది. ఇరవై ఎనిమిదో రోజున ఒక్క వాక్యంలో జవాబొచ్చింది: "కోరినది చట్టంలోని సమాచారం నిర్వచనం కిందకు రాదు." అప్పీలుకు వెళ్లాలా, మళ్లీ దరఖాస్తు పెట్టాలా? తెలిసినవారు చెప్పగలరు.

ఎంబుక్:
మళ్లీ దరఖాస్తు పెట్టండి, అదే దగ్గరి దారి. ఆఫీసులో అప్పటికే కాగితం మీదో కంప్యూటర్‌లోనో ఉన్నదే సమాచారం. మీ మూడు ప్రశ్నలకూ అధికారి కూర్చుని కొత్తగా రాయాలి. ఆ బాధ్యత చట్టం ఆయన మీద పెట్టలేదని 2011లో సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

అందుకే ప్రశ్నలు తీసేసి కాగితాల పేర్లు రాయండి: పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి ఉత్తర్వులు, ఎస్టిమేట్, కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంట్, ఈ పనికి సంబంధించిన ఎంబుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, చెల్లించిన బిల్లులు, గడువు పొడిగింపు ఉత్తర్వులు, కాంట్రాక్టరుకిచ్చిన నోటీసులు. పని పేరు, మంజూరైన సంవత్సరం తప్పకుండా రాయాలి. "మా ఊరి రోడ్డు" అని ఊరుకుంటే ఏ రోడ్డో తెలియదని తిప్పి పంపుతారు.

మీ ప్రశ్నలకు జవాబులు ఈ కాగితాల్లోనే దొరుకుతాయి. ఎప్పటికి పూర్తి చేయాలో అగ్రిమెంట్‌లో ఉంటుంది. ఎందుకు ఆగిందో చాలావరకు నోటీసుల్లో, పొడిగింపు ఉత్తర్వుల్లో బయటపడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం ఎంబుక్. అందులో పొడవు, వెడల్పు, మందం వేర్వేరు గడుల్లో ఉంటాయి, కొలతలు తీసినవారి సంతకం, తేదీ ఉంటాయి. ఆ పేజీ పట్టుకుని రోడ్డు మీద టేపు పెట్టి కొలవండి. బిల్లు ఎన్ని మీటర్లకు అయిందో, వేసింది ఎన్ని మీటర్లో అక్కడికక్కడే తేలిపోతుంది.

నోట్‌షీటు:
పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ ఒక్క మాట. సమాచారం అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 2(ఎఫ్)లో అభిప్రాయాలు, సలహాలు అనే మాటలు కూడా ఉన్నాయి. అధికారిని ఇప్పుడు అభిప్రాయం అడిగితే ఇవ్వనక్కర్లేదు, ఫైలు మీద ముందే రాసి ఉన్న అభిప్రాయం మాత్రం ఇవ్వాల్సిందే. కాబట్టి జాబితాలో "ఈ పని ఫైలులోని నోట్‌షీట్లు, ఉత్తర ప్రత్యుత్తరాల నకళ్లు" అని చేర్చండి. నోట్‌షీట్లంటే ఫైలులో అధికారులు తమ అభిప్రాయాలు రాసే కాగితాలు, అసలు కారణం సాధారణంగా అక్కడే ఉంటుంది.

ఇక అప్పీలు సంగతి. దాన్నీ వదలకండి, మన రెండు రాష్ట్రాల్లోనూ దానికి ఫీజు లేదు. తిరస్కరిస్తే కారణం, అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరాలు జవాబులోనే రాయాలని సెక్షన్ 7(8) చెబుతోంది. మీకొచ్చిన ఒక్క వాక్యంలో చివరి రెండూ లేవు కదా, అది అప్పీలులో మొదటి అంశంగా పెట్టండి. జవాబు చేతికందిన రోజు నుంచి 30 రోజులు దాటనివ్వొద్దు. అప్పీలు అధికారి 30 రోజుల్లో తేల్చాలి, కారణం రాసిపెట్టి 45 రోజుల దాకా తీసుకోవచ్చు.

పల్లెబాట:
ధన్యవాదాలండీ. దరఖాస్తుకు ఫీజు ఎంత? కాగితాలు ఎక్కువున్నాయి, నకళ్లు ఇవ్వలేం అంటే?

ఎంబుక్:
గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అసలు లేదు, కార్డు నకలు జతచేస్తే సరి. నకలుకు ఏ4 పేజీకి 2 రూపాయలు. ఎంత కట్టాలో లెక్క చూపిస్తూ వాళ్లే ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం పంపినప్పటి నుంచి మీరు డబ్బు కట్టేవరకు గడిచిన రోజులు దరఖాస్తుకు జవాబివ్వాల్సిన 30 రోజుల గడువులోకి రావు, అందుకని వెంటనే కట్టి రసీదు తీసుకోండి. గడువు దాటాక ఇస్తే సెక్షన్ 7(6) ప్రకారం ఉచితంగానే ఇవ్వాలి.

కాగితాలు ఎక్కువన్న సాకుకు విరుగుడు తనిఖీ. సెక్షన్ 7(9) కింద సమాచారం ఇచ్చే రూపం మార్చవచ్చేమో గానీ, ఇవ్వనని అనడానికి వీల్లేదు. దరఖాస్తులోనే "ఫైలు, ఎంబుక్ తనిఖీకి తేదీ ఇవ్వండి, కావాల్సిన పేజీలు అప్పుడు ఎంచుకుంటాను" అని రాయండి. సెక్షన్ 2(జె) ప్రకారం పనిని కూడా తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనాలు తీసుకోవచ్చు. చాలామంది వాడని హక్కు ఇది, రోడ్ల విషయంలో దీన్ని మించింది లేదు.

నోట్‌షీటు:
మొదటి అప్పీలులో జరిమానా అడగొద్దు, ఆ అధికారం సమాచార కమిషన్‌దే. రోజుకు 250, మొత్తం 25,000 రూపాయలకు మించదు. అక్కడిదాకా వెళ్లాల్సి వస్తే 90 రోజుల్లో సెక్షన్ 19(3) కింద రెండో అప్పీలు వేయండి. సెక్షన్ 18 ఫిర్యాదుగా వేస్తే కమిషన్ జరిమానా వేయగలదు గానీ కాగితాలు ఇప్పించలేదు.