నిమ్మ గుంటలకీ కంచె కూసాలకీ ఆగర్ మెషిన్ ఏది కొనాలి?

పొదలకూరు నిమ్మ:
అందరికీ నమస్కారం. మాది పొదలకూరు దగ్గర పల్లె. మూడెకరాల చేను ఇన్నాళ్ళూ కౌలుకిచ్చి ఈసారి సొంతంగా నిమ్మ పెడదామని నాన్నా నేనూ అనుకున్నాం. చెట్టుకీ చెట్టుకీ 20 అడుగులు వదిలితే ఎకరాకి 108 మొక్కలు, మొత్తం 320 పైచిలుకు. ఇది కాక అడవి పందులు. చుట్టూ రాతి కూసాలు పాతి కంచె వెయ్యకపోతే మొక్క పెట్టీ లాభం లేదు, పదడుగులకొక కూసం లెక్కన 145 దాకా కావాలి. అంటే దగ్గర దగ్గర 470 గుంటలు. కూలీలు దొరకట్లేదు, దొరికినా ఈ ఎండలకి పదిన్నరకల్లా గట్టుమీద కూర్చుంటున్నారు, వాళ్ళని అనడానికీ లేదు.

అందుకే పెట్రోల్‌తో తిరిగే ఎర్త్ ఆగర్, అదే నేలలోకి మర దించి గుంట తీసే మెషిన్, కొందామని చూస్తున్నా. 52 సీసీ, 63 సీసీ, 68 సీసీ అని ఉన్నాయి, బొమ్మ చూస్తే అన్నీ ఒకటే, రేటు మాత్రం ఒకదానికొకటి పొంతన లేదు. టూ స్ట్రోక్ మేలా ఫోర్ స్ట్రోక్ మేలా? 12 అంగుళాల వెడల్పు బిట్ (మట్టిలోకి దిగే మర) ఒక్క మనిషి పట్టుకోగలడా? పై రెండెకరాలు ఎర్రనేల, అడుగున్నర దిగితే గరప, అంటే గులకరాళ్ళ గట్టి పొర, తగులుతుంది. కింది ఎకరం చెరువు వైపు, జిగట నల్లనేల.

పోయినేడు ఆన్‌లైన్లో గడ్డి కోసే మెషిన్ ఒకటి కొని దెబ్బ తిన్నా. మూడో వారానికే స్టార్టర్ తాడు తెగింది, స్ప్రింగు ఎక్కడా దొరకలేదు, ఇప్పుడది గొడ్ల చావిట్లో కోళ్ళు ఎక్కి పడుకోడానికి పనికొస్తోంది. మళ్ళీ అట్టా కాకూడదు.

కావలి మెకానిక్:
తమ్ముడూ, నేను ఇరవై ఏళ్ళుగా స్ప్రేయర్లు, గడ్డి మెషిన్లు, ఆగర్లు బాగు చేస్తున్నా కాబట్టి చెప్తున్నా, సీసీ అంకె చూసి మెషిన్ కొనొద్దు. 68 సీసీ అని స్టిక్కర్ వేసిన మెషిన్ విప్పితే లోపల చిన్న పిస్టన్ ఉండటం నేను కళ్ళారా చూశా. ఇంజిన్ కంటే ముందు గేర్‌బాక్స్ చూడు. ఇంజిన్ నిమిషానికి వేలల్లో తిరుగుతుంది, దాన్ని బాగా తగ్గించి బలంగా మార్చి బిట్‌కి ఇచ్చేది గేర్‌బాక్సే. తక్కువ రేటు మెషిన్లలో ముందు పోయేది అదీ, క్లచ్చూ. బిట్ ఇరుక్కున్నా ఎక్సిలేటర్ వదలకుండా బిగించి పడితే క్లచ్ షూ కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే నా దగ్గరికి రావడానికి బయల్దేరినట్టే.

టూ స్ట్రోక్ తేలిక, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, కానీ పెట్రోల్లో ఆయిల్ కలపాలి. కంపెనీ 25కి 1 అంటే లీటరుకి 40 మిల్లీ, 50కి 1 అంటే 20 మిల్లీ. మనోళ్ళు బాటిల్ మూతతో కొలిచి సుమారుగా పోస్తారు. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ, ప్లగ్ నల్లబడుతుంది. ఫోర్ స్ట్రోక్ అయితే, ఉదాహరణకి హోండా జీఎక్స్ 35 ఇంజిన్ ఉన్నవి, ఆయిల్ విడిగా పోసుకుంటాం, మోత తక్కువ, పెట్రోల్ తక్కువ తాగుతుంది. అది 35 సీసీయే కాబట్టి పెద్ద బిట్ పెట్టి గరపలో దించుదామంటే కుదరదు. స్టిల్ బీటీ 131 అని ఒకటుంది, 36 సీసీ చిల్లర, ఫోర్ స్ట్రోక్ పద్ధతే అయినా దాన్లో ఆయిల్ కలిపిన పెట్రోలే పొయ్యాలి, ఇది తెలీక ఉత్త పెట్రోల్ పోసి తెచ్చినోళ్ళున్నారు. దానికి బిట్ ఇరుక్కుని మెషిన్ మన మీదికి తిరిగితే కాలికి నొక్కుకుని ఆగిపోయే బ్రేకు ఉంది. రేటు ఎక్కువే, కానీ ఆ బ్రేకు ఎందుకో ఒకసారి ఎగరేసి పడేస్తే తెలుస్తుంది.

ఇంకోటి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. అది తేమ పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే కార్బురేటర్లో డయాఫ్రమ్ అనే పల్చటి పొర బిరుసెక్కిపోతుంది. పని అయిపోయాక ట్యాంకు వంచేసి, ఆగిపోయేదాకా ఇంజిన్ నడిపి అప్పుడు లోపల పెట్టు. నీ గడ్డి మెషిన్ కూడా ఒకసారి తీసుకురా, స్ప్రింగు వేరే దానిది సరిపోతుందేమో చూద్దాం. కోళ్ళకి వేరే చోటు చూపించు.

కనిగిరి మెట్ట:
మెకానిక్ అన్న చెప్పింది నిజమే గానీ అసలు సంగతి మణికట్టు. మాది కనిగిరి అవతల, రాళ్ళ నేల. నాలుగేళ్ళ కింద నేనూ 63 సీసీ తెచ్చా, 8 అంగుళాల బిట్టు. మొదటి పాతిక గుంటలు వెన్నలా దిగాయి, అబ్బ అనుకున్నా. ఆ తర్వాత ఒకచోట పాత తుమ్మ వేరుంది లోపల, పైకి కనపడదు కదా, బిట్టు దాన్ని పట్టుకుని ఆగింది, ఇంజిన్ ఆగలేదు. బిట్టు తిరగకపోతే ఏం తిరగాలి? మెషినూ దాన్ని పట్టుకున్న మనమూ. హ్యాండిల్ వచ్చి పక్కటెముకల్లో కొట్టింది, కుడిచెయ్యి మణికట్టు బెణికి నెలన్నర పట్టీ. మా ఆవిడ ఆ మెషిన్ని ఇంట్లో పెట్టనివ్వలేదు.

ఒంటి మనిషికి 8 అంగుళాలు మించి వద్దు. 12 అంగుళాలంటే ఇద్దరు చెరొక వైపు పట్టుకునే ఫ్రేము ఉండాలి, ఇద్దరికీ సమానంగా బలముండాలి, ఇద్దరూ ఒకేసారి వదలాలి. అన్నదమ్ములైతే పర్లేదు, రోజుకొక కూలీ మారితే కష్టం. లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని అస్సలు పట్టుకోవద్దు, ప్యాంటూ బూట్లూ వేసుకో, చెవుల్లో దూదన్నా పెట్టుకో. ఒకేసారి కిందిదాకా దించొద్దు, అర అడుగు దిగ్గానే పైకి లాగి మట్టి దులిపి మళ్ళీ దించు. ఇరుక్కుంటే ఇంజిన్ ఆపేసి, మెషిన్ విప్పి, బిట్టుకి పైపు తగిలించి వెనక్కి తిప్పితే వస్తుంది. ఇంజిన్ మీదే పైకి లాగుతూ కుస్తీ పట్టావనుకో, నాలాగే పట్టీ వేసుకుంటావు.

ఉలవపాడు సరుగుడు:
మా ఇసక నేలల్లో ఈ గొడవేం లేదు. సరుగుడు మొక్కకి 4 అంగుళాల బిట్టు చాలు, 52 సీసీతో ఒక కుర్రాడు పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి అరెకరం దాకా చేసేస్తాడు. మా బాధ వేరే. ఎండిన ఇసకలో గుంట తీసి బిట్ పైకి తీసేలోపు సగం పూడిపోతుంది. ముందురోజు తడిపి పెడితే నిలబడుతుంది. మీ ఎర్రనేలకీ ఇదే చెయ్యండి. గుర్తులు పెట్టిన చోట సాయంత్రం రెండేసి బిందెలు పొయ్యండి, లేదా డ్రిప్ ముందే పరిస్తే దాన్తోనే తడపండి. తెల్లారేసరికి పైన అడుగున్నర మెత్తబడుతుంది. నల్లనేలకి మాత్రం తడి ఎక్కువైతే బంక మట్టి బిట్‌ని పట్టుకుని వదలదు, అది సగం ఆరినప్పుడే చెయ్యాలి.

అయినా ఎండాకాలంలో ఎందుకు ఈ యుద్ధం? మన వైపు గట్టి వానలు అక్టోబరు తర్వాత కదా, ఒక పదును వాన పడ్డాక మొదలెట్టొచ్చుగా.

సైదాపురం పాత తోట:
అందరూ మెషిన్ గురించి మాట్లాడుతున్నారు, నిమ్మ గురించి ఎవరూ అడగలేదు. బాబూ, మాది 14 ఏళ్ళ నిమ్మ. నిమ్మకి గుంట అంటే రెండడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. నువ్వు 12 అంగుళాల ఆగర్‌తో తీసేది గుంట కాదు, బొక్క. దాన్లో పశువుల ఎరువు ఎంత పడుతుంది? మొక్క వేరు ఎటు పోతుంది?

ముఖ్యంగా నీ కింది ఎకరం. జిగట నేలలో ఆగర్ తిప్పితే గుంట గోడలు కుండకి లోపల పూసినట్టు నున్నగా అవుతాయి. నీళ్ళు పక్కకి ఇంకవు, వేరు ఆ గోడని చీల్చుకు పోలేక లోపలే చుట్టలు చుట్టుకుంటుంది. నిమ్మకి నీళ్ళు నిలిచాయంటే వేరుకుళ్ళు, బంక కారడం, రెండో ఏడు బాగానే ఉండి మూడో ఏడు పసుపెక్కి పోతుంది. మా తమ్ముడు అట్టానే 60 మొక్కలు పోగొట్టుకున్నాడు. ఆగర్‌తోనే తియ్యాలంటే దించాక గడ్డపారతో గోడలన్నీ గీకి గరుకు చెయ్యాలి, 320 గుంటలకి అది చేసేదానికి ఆగర్ ఎందుకు? నిమ్మకి జేసీబీ పెట్టుకో. ముందు సున్నంతో గుర్తులు పెట్టి ఉంచు, గరప కూడా దానికి లెక్కలేదు. పై మట్టి ఒక పక్క, అడుగు మట్టి ఒక పక్క వెయ్యమని డ్రైవర్‌కి ముందే చెప్పు, లేకపోతే అంతా కలిపేస్తాడు. నల్లనేల ఎకరంలో గుంట కంటే ముందు కట్ట చూసుకో, ఎత్తు చేసి కట్ట మీద పెట్టు.

కంచె కూసాలకి మాత్రం ఆగర్‌ని మించింది లేదు. సన్నటి గుంటయితేనే కూసం కదలదు.

మిన్నెసోటా నుంచి, ఊరు కావలి:
మీ మాటలు చదువుతుంటే ఇక్కడి సంగతి గుర్తొచ్చింది. చలికాలం సరస్సు గడ్డకడితే దాని మీదికి నడుచుకుంటూ పోయి, ఇదే ఆగర్‌తో 8 అంగుళాల బొక్క కొట్టి, స్టూలేసుకుని చేపలు పడతారు. కొత్తగా కట్టిన గట్టి మంచు కనీసం 4 అంగుళాల మందం ఉంటేనే మనిషి నడవాలని ఇక్కడి ప్రభుత్వం వాళ్ళు చెప్తారు. మొదటిసారి ఆఫీసులో వాళ్ళు తీసుకెళ్ళినప్పుడు నాకు కింద చెరువుందన్న టెన్షన్ తప్ప చేప మీద ధ్యాసే లేదు. ఇక్కడ ఇప్పుడు చాలామంది పెట్రోల్ వదిలేసి బ్యాటరీ ఆగర్లకి మారారు, ఆ చలికి కార్బురేటర్‌తో తిప్పలు పడలేక. బ్యాటరీకీ చలి పడదు, అందుకని కోటు లోపల పెట్టుకుని తీసుకెళ్తారు.

మీకు పనికొచ్చే ముక్క ఒకటే. ఆన్‌లైన్లో మంచుకి వాడే బిట్టూ మట్టికి వాడే బిట్టూ పక్కపక్కనే కనిపిస్తాయి. మంచు బిట్ బ్లేడు మంగలి కత్తిలా ఉంటుంది, ఇసక రేణువు తగిలినా మొద్దుబారుతుంది. మట్టి బిట్‌కి కొసన చేపతోక లాంటి మొన, పక్కన బోల్టుతో బిగించిన మందపాటి పళ్ళు ఉండాలి. అరిగితే మార్చుకునే పళ్ళు ఉన్నదే తీసుకోండి, వెల్డింగ్‌తో అతికించింది వద్దు.

పొదలకూరు నిమ్మ:
అందరికీ థాంక్స్. సైదాపురం అన్నది చదివి నాన్న ఒకటే నవ్వు, ‘నేను చెప్తే వినలా, ఫోన్లో చెప్తే విన్నావు’ అని. నిమ్మకి ఆగర్ ఆలోచన మానేశాం. ఇక కూసాలకి మాత్రమే అంటే 145 గుంటలు, దానికి కొత్త మెషిన్ కొనాలా? ట్రాక్టర్ వెనక తగిలించే డిగ్గర్ మా పక్క ఊళ్ళో ఒకాయన దగ్గర ఉందంట, గుంటకింత అని తీసుకుంటాడంట.

కావలి మెకానిక్:
నా వ్యాపారం పోయినా నిజం చెప్పాలి కదా, 145కి కొనొద్దు. ట్రాక్టర్ డిగ్గరే పెట్టుకో. బిట్ రాయికి తగిలితే దాన్లో షియర్ బోల్ట్ అని ఒకటి తెగిపోయి గేర్‌బాక్స్‌ని కాపాడుతుంది, మనిషి మణికట్టూ ఉంటుంది. ఆయన్ని రెండు విషయాలు అడుగు. తెగితే వేసేదానికి అసలు షియర్ బోల్టులు నాలుగైదు దగ్గర పెట్టుకున్నాడా, లేక దొరికిన గట్టి బోల్టు బిగించాడా? గట్టిది బిగిస్తే అది తెగదు, గేర్లు తెగుతాయి, అప్పుడు నీ పని మధ్యలో ఆగుతుంది. రెండోది, తిరిగే షాఫ్ట్ మీద తొడుగు ఉందా లేదా. లేకపోతే పిల్లల్ని, పంచె కట్టినోళ్ళని ఆ దరిదాపులకి రానివ్వొద్దు.

పొదలకూరు నిమ్మ:
నిన్న పొద్దున పెట్టించాం. 9 అంగుళాల బిట్. ఎర్రనేల వైపు తడిపి ఉంచాం కాబట్టి అడుగున్నర దాకా హాయిగా దిగింది, గరప దగ్గర నిదానించింది, అయినా ఆగలేదు. ఉత్తరం గట్టు పక్కన మూడు చోట్ల బండ తగిలి బోల్టు తెగింది, ఆయన దగ్గర డబ్బాడు బోల్టులున్నాయి, అడిగినందుకు నా వైపు కొంచెం గౌరవంగా చూశాడు కూడా. ఆ మూడు గుంటలు రెండడుగులు పక్కకి జరిపాం. మధ్యాహ్నం మూడింటికి 118 అయ్యాయి. మిగిలినవి నల్లనేల వైపు, అక్కడ ట్రాక్టర్ టైరు దిగబడుతోందని ఆపేశాడు, వారం ఆరాక వస్తానన్నాడు.

ఇప్పుడు కొత్త చిక్కు. మా కూసాలు కొన్ని అడుగున 8 అంగుళాల పైన మందం ఉన్నాయి, 9 అంగుళాల గుంటలో దించితే పక్కన రాళ్ళు వేసి కూరడానికి సందు లేదు. ఆయన దగ్గర తర్వాతి సైజు 18 అంగుళాలదే. మన చుట్టుపక్కల ఎవరి దగ్గరన్నా ట్రాక్టర్‌కి తగిలించే 12 అంగుళాల బిట్ ఉంటే చెప్పండి, కిరాయి ఇచ్చి సాయంత్రానికల్లా కడిగి తెచ్చి ఇస్తా.