సమస్యాపూరణం: "మూసినంతనె కిటికీలు మొలిచె నింగి"

నిర్వాహకుడు:
మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఇది.

మూసినంతనె కిటికీలు మొలిచె నింగి

2024 జులై 19, శుక్రవారం నాటి వార్తలను మళ్ళీ చదువుతుండగా ఈ పాదం దానంతటదే నోటికి వచ్చింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒకే ఒక అప్‌డేట్‌తో ఆ రోజు ప్రపంచమంతటా విండోస్ యంత్రాలు నీలి తెర చూపించి ఆగిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వార్తను పట్టుకొని పూరించినా సరే, పూర్తిగా వదిలేసి పూరించినా సరే. కిటికీ మూస్తే ఆకాశం కనబడకుండా పోవాలి గాని మొలవడమేమిటన్న ప్రశ్నకు మాత్రం పద్యంలో జవాబు ఉండాలి.

పాలపిట్ట:
మొదటి పూరణ నాదే కావాలని పొద్దున్నే కూర్చున్నాను.

ఒక్క దస్త్రము తప్పుగా నొదిగినంత
రెక్క ముడిచె విమానముల్ రేవులందు
తెల్లబోయిన జనులకుఁ దెరల మీఁద
మూసినంతనె కిటికీలు మొలిచె నింగి

ఆ దస్త్రం మన కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు వెలువడింది, 10 గంటల 57 నిమిషాలకు దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ 78 నిమిషాల వ్యవధి చాలు, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు దెబ్బతిన్నాయి.

మంజీర:
పాలపిట్ట గారూ, "తెల్లబోయిన జనులకు" నీలం తెరను ఎదురుగా నిలపడం ఈ పద్యానికి ప్రాణం. "తెల్లబోవు" అనే జాతీయంలో ఉన్న రంగును బయటికి తీసి, దాని పక్కన, పేరైనా చెప్పకుండా, ఇంకో రంగును నిలబెట్టారు. ఇది మీరు మాత్రమే చేయగలిగిన పని, మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నాను.

అయితే ఒక్క మాట అడగక తప్పదు. "మూసినంతనె" సకర్మకం కదా, ఎవరు మూశారు? మీ పద్యంలో కిటికీలు వాటంతటవే మూతపడ్డాయి. అప్పుడు "మూసికొన్నంత" అని ఉండాలి, లేదా "మూతపడినంత" అని ఉండాలి. ఇచ్చిన పాదాన్ని మనం మార్చలేము కనుక, పై మూడు పాదాల్లో ఎక్కడో ఒకచోట మూసేవాడిని నిలబెట్టవలసిన బాధ్యత పూరించేవారిదే. మీ మూడు పాదాలను మూడుసార్లు చదివాను, కర్త నాకు దొరకలేదు.

పాలపిట్ట:
మంజీర గారూ, "బడి మూసినంతనే పిల్లలు పరుగెత్తారు" అంటాం. అక్కడ బడిని ఎవరు మూశారని ఎవరూ అడగరు, చెప్పకపోయినా కర్త ఉన్నట్టే లెక్క. ఇంత నిశితంగా చూసే మీరు, 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు విక్రమ్ ల్యాండర్ దిగిన మర్నాడు ఇచ్చిన సమస్యకు "చందమామపై విక్రముం డడుగు పెట్టె" అని రాసి, యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరవలసిన అక్షరమైత్రి, ఎక్కడున్నదో చెప్పకుండానే వెళ్ళిపోయారు. "చం"కు "డ"లోని అకారంతో మైత్రి ఎలా కుదిరిందో ఇంతవరకు నాకు అర్థం కాలేదు.

మంజీర:
కుదరలేదు, అది తప్పే. ఆ రాత్రి ఆనందంలో చేతి వేళ్ళ మీద లెక్క పెట్టుకోకుండా రాశాను. వారం తరువాత "చందమామపై నడుగిడెఁ జక్కఁగాను" అని సవరించి నా పుస్తకంలో రాసుకున్నాను, కాని ఇక్కడ పెట్టలేదు. పెట్టి ఉండవలసింది. యతి కుదిరినా "చక్కఁగాను" అన్నది ఊరికే నింపిన మాట అని కూడా నాకు తెలుసు. ఇక కర్త సంగతి. "బడి మూసినంతనే" అన్నప్పుడు మూసే పంతులుగారు లోకానికి తెలిసినవారు. ఇక్కడ మూసినవాడెవడో తెలియకపోవడమే ఆ రోజు వార్త! మైక్రోసాఫ్ట్‌ది తప్పా, క్రౌడ్‌స్ట్రైక్‌ది తప్పా అని జనం గంటల తరబడి వాదించుకున్నారు. అందుకే కర్త పేరు పద్యంలో వినబడాలని పట్టుబడుతున్నాను.

తంగేడు:
ఆ చర్చకు నా పద్యమే జవాబు అనుకుంటున్నాను.

ఇరువదిండ్ల వీధిని నొక యింటి కొఱకు
వెదకె నిరువదొక్కటవది వెఱ్ఱి బంటు
దారి తప్పిన బంటుకై ధరణి యెల్ల
మూసినంతనె కిటికీలు మొలిచె నింగి

క్రౌడ్‌స్ట్రైక్ తరువాత ప్రకటించిన కారణమే ఇది. వారి ఫాల్కన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక నమూనాకు 21 విలువలు ఉండాలని నిర్వచించారు, యంత్రంలోని ప్రోగ్రామ్ మాత్రం 20 విలువలే అందించేది. అంతవరకు 21వ దాన్ని ఎవరూ అడగలేదు కనుక నడిచిపోయింది. ఆ రోజు అప్‌డేట్‌గా వచ్చిన 291వ నంబరు ఛానెల్ ఫైలు మొదటిసారి అడిగింది, ప్రోగ్రామ్ లేని ఇంటి తలుపు తట్టడానికి పోయి తనది కాని మెమరీని చదవబోయింది. మామూలు ప్రోగ్రామ్ అయితే అది ఒక్కటే పడిపోయేది, ఇది విండోస్‌కు గుండె వంటి కెర్నెల్‌లో నడిచేది కనుక విండోస్ మొత్తాన్ని పడగొట్టింది. నా పద్యంలో ఆ బంటు కోసం కిటికీలు మూసినది ధరణి. మంజీర గారు అడిగిన కర్త ఉన్నది.

ఇది నేను చదివి తెలుసుకున్న వార్త మాత్రమే కాదు. నేను పనిచేసే చోట ఆ శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం పొద్దుపోయేదాకా ఒక్కొక్క యంత్రం ముందు కూర్చుని, దాన్ని అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లో తెరిచి, సి-00000291తో మొదలయ్యే ఫైలును చెరిపేసే పని చేశాను. చెరపడానికి అర నిమిషం కూడా పట్టదు. కాని చాలా యంత్రాల్లో డిస్కుకు తాళం ఉండేది, దాన్ని తీయడానికి 48 అంకెల సంఖ్య కొట్టాలి. ఒకరు గోడ క్యాలెండరు కాగితం వెనుక రాసుకున్న అంకెలను ఆరేసి చొప్పున చదువుతుంటే నేను కొట్టేవాణ్ణి. ఒకసారి ఏడును ఒకటిగా చదివి మొదటికొచ్చాము. ఆ క్షణాన నా కళ్ళ ముందు ఉన్న నీలం ఇప్పటికీ గుర్తున్నది, అందుకే ఆ "వెఱ్ఱి బంటు" మీద నాకు కోపం కన్నా జాలే ఎక్కువ.

మంజీర:
తంగేడు గారూ, నమస్కరిస్తున్నాను. ఇరవై ఇండ్ల వీధిలో ఇరవై ఒకటో ఇంటిని వెదికే బంటు! ఇంత పెద్ద సాంకేతిక వివరణను పల్లెటూరి తపాలా బంట్రోతు కథగా మార్చారు. రెండో పాదంలో "ఒక్కటవది" నోటికి కొంచెం తగులుతున్నా, గణాలు సరిగ్గా పడ్డాయి. కర్తను మూడో పాదం చివర, సమస్యకు ఆనించి నిలబెట్టడం నాకు అన్నిటికన్నా నచ్చింది.

గోదారిగట్టు:
అందరూ నీలి తెర దగ్గరే ఆగిపోయారు. సమస్యలో నీలం అన్న మాటే లేదు, "నింగి" అని మాత్రమే ఉన్నది. ఆ నింగి నిజమైన నింగి ఎందుకు కాకూడదు?

చేతి వ్రాతయే రెక్కలై చేర్చె నూరు
కాగితపు ముక్క పట్టిన కరమె గెలిచె
కలము నమ్మిన వారికిఁ గంటి యెదుట
మూసినంతనె కిటికీలు మొలిచె నింగి

ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో రాసి ఇచ్చారు. పేరు, విమానం సంఖ్య, సీటు, అన్నీ నీలి సిరాతో. కంప్యూటరు కిటికీ మూతపడితే మనిషి చేతిరాత వారిని ఆకాశంలోకి ఎక్కించింది. నా పద్యంలో మొలిచినది ఆ ఆకాశం.

పాలపిట్ట:
గోదారిగట్టు గారూ, ఊహ చాలా బాగున్నది, కాని మొదటి గణమే తప్పింది. "చేతి వ్రాత"లో "వ్రా" సంయుక్తాక్షరం కదా. దాని ముందున్న "తి" గురువైతే, మీరు సూర్యగణం, అంటే ఒక గురువు, ఒక లఘువు గాని మూడు లఘువులు గాని, వేయవలసిన చోట రెండు గురువులు పడ్డాయి. ఇక మంజీర గారు నా పద్యంలో వెదికిన కర్త ఈ పద్యంలోనూ లేడు, ఆ సంగతి వారు చెబుతారేమోనని ఎదురుచూస్తున్నాను.

గోదారిగట్టు:
పాలపిట్ట గారూ, అది తెలుగు మాట. వ్రాయు, మ్రొక్కు, క్రొత్త వంటి తెలుగు మాటల్లో రేఫతో కూడిన సంయుక్తం వచ్చినప్పుడు, ముందు పదం చివరి అక్షరాన్ని ఊది పలకము కనుక అది లఘువుగానే ఉంటుంది. "చేతి వ్రాత" అని ఒకసారి పైకి పలికి చూడండి, "తి" మీద నాలుక ఆగదు. "చేతి ప్రభావము" అని ఉంటే మీ అభ్యంతరాన్ని ఆలోచించేవాణ్ణి.

నిర్వాహకుడు:
గోదారిగట్టు గారి మాట సరైనది. ఆ "తి" లఘువే. ఈ అభ్యంతరం ఇక్కడ ఏడాదికి రెండుసార్లు వస్తుంది కనుక, దీన్ని ఇకముందు అందరూ గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

మంజీర:
పాలపిట్ట గారు అడిగినది న్యాయమే. గోదారిగట్టు గారి పద్యంలోనూ కర్త లేడు, ఆ లోపాన్ని అక్కడ కూడా ఒప్పుకుంటాను. అయినా నాకు ఈ పూరణే ఎక్కువ నచ్చింది, ఎందుకో చెబుతాను. మిగిలినవారు "నింగి" అంటే నీలి తెర అని అర్థం మార్చి వైరుధ్యాన్ని తొలగించారు. ఈయన ఆ మాటను కదపకుండా, నింగిని నింగిగానే ఉంచి తొలగించారు. ఏనుగుల మందను దోమ గొంతులో దూర్చమన్న పాత సమస్య మనందరికీ తెలిసినదే. అక్కడ ఏనుగు ఏనుగుగా, దోమ దోమగా మిగిలినందుకే ఆ పూరణ ఇన్ని తరాలు నిలిచింది.

చిరుమువ్వ:
నేను ఈ గుంపులో కొత్త. భయపడుతూనే పెడుతున్నాను.

నీలి తెరఁ జూచి వైద్యులు కలఁత పడఁగ
బ్యాంకి గడపల జనమెల్ల బారు తీర
అలసి సొలసిన యంత్రాల కచ్చెరువుగ
మూసినంతనె కిటికీలు మొలిచె నింగి

క్లౌడ్ పాడైనందుకే ఇదంతా జరిగిందని విన్నాను. అందుకే మేఘం మీద కూడా ఒక పద్యం రాయాలని ఉన్నది.

నిర్వాహకుడు:
చిరుమువ్వ గారికి స్వాగతం. మొదటి పాదంలో "నీ"కి "క"తో యతి చెల్లదు. "నీలి తెరఁ జూచి వైద్యులు నివ్వెఱపడ" అంటే యతీ కుదురుతుంది, కలతకన్నా నివ్వెరపాటు ఆ సందర్భానికి దగ్గరగానూ ఉంటుంది. మూడో పాదంలో అచ్చెరువు పడవలసినది మనుషులు గాని యంత్రాలు కావు, దాన్ని మళ్ళీ ఆలోచించండి. "బారు తీర" బాగున్నది, కాని మన దేశంలో బ్యాంకులకు తగిలిన దెబ్బ చాలా చిన్నది. ఆ రోజు 10 బ్యాంకులు, ఆర్థిక సంస్థలకు మాత్రమే స్వల్ప అంతరాయం కలిగిందని రిజర్వు బ్యాంకు ప్రకటించింది.

ఇక మేఘం సంగతి. ముందు రోజు అమెరికాలో మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవలకు ఒక అంతరాయం కలిగిన మాట నిజమే గాని, అది వేరే సంఘటన. రెండూ ఒకదాని వెంట ఒకటి రావడంతో చాలామంది కలిపేసుకున్నారు. నీలి తెరకు కారణం యంత్రాల్లోపల కూర్చున్న ఫైలు. అందుకే మాక్, లినక్స్ యంత్రాలకు ఆ రోజు ఏమీ కాలేదు.

ప్రవాసి (డాలస్):
నేను ఆలస్యంగా వచ్చాను, వార్త కూడా ముందుకు వెళ్ళింది. నీలి తెరను తీసేసి నల్ల తెర పెడుతున్నట్టు 2025 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మరి నింగి ఇప్పుడు ఏ రంగు?

నీలి తెర పోయి నల్లని నిశియె వచ్చె
చుక్క యొకటియుఁ గానమే చూడరండు
మొన్న నీలమై నేఁడేమొ మొగులు వోలె
మూసినంతనె కిటికీలు మొలిచె నింగి

తంగేడు:
ప్రవాసి గారూ, పగటి నింగిని రాత్రి నింగిగా మార్చిన ఊహ నాకు ఎంతో నచ్చింది, రెండో పాదం ఇంకా నచ్చింది. కాని మా వైపు మొగులు అంటే మబ్బు అన్నట్టే ఆకాశం కూడా. మా అమ్మ "మొగులు దిక్కు చూడు, వాన వచ్చేటట్టున్నది" అంటుంది. అందువల్ల మీ మూడో పాదం నా చెవికి "ఆకాశం వలె ఆకాశం మొలిచింది" అని వినబడింది.

ప్రవాసి (డాలస్):
మాది గుంటూరు వైపు, మొగులుకు ఆ అర్థం ఉన్నదని నాకు ఇప్పుడే తెలిసింది. ఆ మాటను మార్చి మళ్ళీ పెడతాను.

పాలపిట్ట:
రెండు రోజులుగా మంజీర గారి మాట నా తలలోనే తిరుగుతున్నది. ఎవరు మూశారన్న ప్రశ్నను బడి మూయడంతో పోల్చి దాటేశాను గాని, నాకే తృప్తి కలగలేదు. ఈ రోజు బస్సులో వస్తుంటే ఒక సంగతి తోచింది. మూసినవాడు నా మొదటి పాదంలోనే ఉన్నాడు, నేనే వాడిని "నంత" అన్న మాటతో అక్కడే ఆపేశాను. ఆ మాట తీసి "తాను" అని పెట్టి, రెండో పాదంలో "ముడిచె"ను "ముడువ"గా మార్చాను.

ఒక్క దస్త్రము తప్పుగా నొదిగి తాను
రెక్క ముడువ విమానముల్ రేవులందు
తెల్లబోయిన జనులకుఁ దెరల మీఁద
మూసినంతనె కిటికీలు మొలిచె నింగి

మంజీర:
ఇప్పుడు దొరికాడు. ఇక నేను కూడా నా చందమామ పాదంలోని "చక్కఁగాను"ను తీసేసి, సోమవారంలోగా ఇక్కడే పెడతాను.